విదియ దాకా

నిన్న సాయంత్రం బెజవాడ భవానీపురం నుంచి బస్టాండుకి వస్తుంటే, కొండ కింద రోడ్డు మూసేశారని ఆటో అతను ఊళ్ళోకి తిప్పి గవర్నర్‌పేట మీదుగా తీసుకొచ్చాడు. ఒక సందు మొదట్లో చాలాసేపు ఆగిపోయాం. ఎడమచేతి పక్క మేడ నిండా సెల్‌ఫోన్ల దుకాణాలు. మెట్లు మాత్రం పాతవే. ఆ మెట్ల పైన పూర్వం ఒక లాడ్జి ఉండేది. అమ్మ, నాన్న, నేను, చెల్లి అందులో రెండు రాత్రులు ఉన్నాం. మా నలుగురం కలిసి పరాయి ఊళ్ళో పడుకున్నది ఆ ఒక్కసారే.

చెల్లెలు నిన్న తెల్లవారుజామున పోయింది. దాన్ని సాగనంపి వస్తున్నాను. అమ్మా నాన్నా పోయి చాలాకాలమైంది. ఆ లాడ్జిలో పడుకున్నవాళ్ళలో ఇక నేనొక్కదాన్నే ఉన్నాను. ఆటో కదిలింది. చల్లపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ రోజులన్నీ వరసగా గుర్తొచ్చాయి. మర్చిపోకముందే రాసుకుందామని ఇవ్వాళ ఇంట్లో కూర్చున్నాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చెల్లికి మూడు నిండలేదు. మాది చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. నేతవాళ్ళ వీధి. ఇంటి ముందుగదిలో గుంట మగ్గం. నాన్న గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని పొద్దుటినుంచి దీపాల వేళ దాకా నేసేవాడు. అమ్మ పక్కన కూర్చుని రాట్నం తిప్పి నూలుని కండెలకి చుట్టేది. వీధి పొడుగునా గంజి వాసన, తడినూలు వాసన. చెల్లి ఆ గుంట గట్టు మీదే పాకింది, అక్కడే నడక నేర్చుకుంది, మగ్గం చప్పుడు వింటూ అక్కడే నిద్రపోయేది.

మగ్గం ఆగేది అమావాస్య నాడు. ఆ రోజు మా వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. సంబంధాలు చూసిరావడం, డాక్టరు దగ్గరికి పోవడం, చుట్టాల్ని పలకరించడం, అన్నీ అమావాస్యకే పెట్టుకునేవాళ్ళు. పక్క వీధి రైతులు అమావాస్య అంటే గుమ్మం దాటడానికి ఆలోచించేవాళ్ళు. మాకది సెలవురోజు. నేను బళ్ళో చేరేదాకా అమావాస్యంటే పండగేమో అనుకునేదాన్ని.

నాన్నకి ఒక అక్క. భవానీపురంలో ఇచ్చారు. మామయ్య గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. అత్తయ్యకి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. వాళ్ళ అత్తగారు కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేయడానికి సంబంధాలు చూస్తోందని మా నానమ్మ చెవిన పడింది. నానమ్మ ఒక పూటంతా అన్నం తినలేదు. సాయంత్రం మగ్గం దగ్గరకొచ్చి నిలబడి, "ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుండగా దాని కాపురం కూలిపోతా ఉంటే చూస్తా కూర్చుంటామా? చిన్నదాన్ని ఇద్దాం. కబురు పెట్టేశా" అంది. నాన్న చేతిలో పని ఆపలేదు. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆమెని ఎవరూ అడగలేదు.

తిండికి లేక పిల్లనిచ్చేశారని తర్వాత కొందరన్నారు. అది నిజం కాదు. మాకు సరదాలకి లోటుగానీ తిండికి లోటు లేదు. పిల్ల ఒక ఇంటిని నిలబెడుతుందని ఇచ్చారు. అది తప్పో ఒప్పో ఇంత వయసొచ్చినా నాకు తెలియదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు బెజవాడ చూపిస్తామనే చెప్పారు. వీధిలో అందరికీ చెప్పుకుని వచ్చాను. అమ్మ కారియర్ నిండా పులిహోర పెట్టింది, గుడ్డసంచీలో చేగోడీలు పోసింది. బస్సులో కిటికీ కోసం నేనూ చెల్లీ పోట్లాడుకున్నాం. పామర్రు దాకా నాది, అక్కణ్ణుంచి దానిదని నాన్న తీర్పు చెప్పాడు. ఉయ్యూరు దగ్గర చెరుకు ఫ్యాక్టరీ వాసనకి చెల్లి ముక్కు మూసుకుని, నా ముక్కు కూడా మూసింది. అమ్మ దారి పొడుగునా కళ్ళు మూసుకునే కూర్చుంది. బస్సు పడదేమో అనుకున్నాను.

భవానీపురంలో అత్తయ్యవాళ్ళ గుమ్మం ముందు నిలబడగానే వాళ్ళ అత్తగారు ఎదురొచ్చింది.

"ఆగండాగండి. గడప దాటకండి. ఇవ్వాళ ఏం తిథో చూసుకునే బయల్దేరారా?"

"అమావాస్యేనండీ" అన్నాడు నాన్న. "మగ్గానికి సెలవు కదండీ. అందుకనే ఇవ్వాళ..."

"మీ మగ్గానికి సెలవైతే మా ఇంటికి అమావాస్య పూట పిల్లని తెస్తారా? ఇట్టా వచ్చిన పిల్ల ఈ ఇంట్లో నిలుచుద్దా? రేపు పాడ్యమి, అదీ పనికిరాదు. విదియ నాడు పొద్దున్నే తీసుకురండి. అప్పటిదాకా పిల్ల ఈ గడప తొక్కటానికి లేదు."

వాళ్ళూ మావాళ్ళే. వాళ్ళ ఇంట్లోనూ ఒకప్పుడు మగ్గం ఉండేది. అది వదిలేసి పట్నం వచ్చి ఒక తరమైంది. అమావాస్య సెలవుతో వాళ్ళకి పనిలేకపోయింది, అమావాస్య భయం మాత్రం పట్టుకుంది. మావాళ్ళకి ఆ ఆలోచనే రాలేదు. మా వీధిలో ఎవరికీ వచ్చేది కాదు.

అత్తయ్య ఆవిడ వెనక నిలబడి ఉంది. తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. చెల్లి వైపే చూస్తోంది.  చెల్లి అమ్మ భుజం మీంచి "అక్కా, ఈ ఇల్లు ఎవరిది?" అంది. నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ "పిల్ల" అన్నది చెల్లిని. దాన్ని అక్కడ ఇచ్చేయడానికే వచ్చాం.

మాకు అరుగు మీదే మంచినీళ్ళిచ్చారు. అమ్మ నీళ్ళు తాగి చెంబు కింద పెట్టింది. పొద్దుటినుంచి బిగించుకుని ఉన్న ఆమె మొహం కొంచెం వదులైంది.

ఊరెళ్ళి మళ్ళీ రావడం అనవసరపు ఖర్చని నాన్న అన్నాడు. మామయ్య తమ కొట్టుకి సరుక్కోసం వచ్చే పల్లెటూరి వ్యాపారులు దిగే లాడ్జిలో గది ఇప్పించాడు. అలా, ఏనాడూ సరదాకి ఊరు కదలని మేము బెజవాడలో విదియ దాకా ఖాళీగా ఉండిపోయాం.

గదిలో రెండు మంచాలు, ఒక ఫ్యాను, గోడకి ఒక అద్దం. పరుపుల నిండా నల్లులు. స్నానాల గదిలో గొలుసు లాగితే పైనున్న తొట్టెలోంచి నీళ్ళు హోరున దిగేవి. నేనూ చెల్లీ వంతులు వేసుకుని లాగాం. తొట్టె నిండకముందే మళ్ళీ లాగి, నీళ్ళు రాకపోతే అది చేతులు తిప్పి "అయిపోయినయ్" అనేది. ఫ్యాను స్విచ్చి నాన్న వేస్తే ఒప్పుకునేది కాదు. ఎత్తుకుని తనచేత వేయించాల్సిందే.

మధ్యాహ్నం పులిహోర తిన్నాక అది నిద్రపోక ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ జోకొట్టింది, నేను కథ చెప్పాను. ఆగలేదు. కాసేపటికి నాన్నకి తట్టింది. మంచం కోడు దగ్గర కింద కూర్చుని, చెక్క మీద రెండు చేతులతో మగ్గం దెబ్బలాగా కొట్టడం మొదలుపెట్టాడు. నూలు కండె ఉన్న నాడె ఇటు పోయి అటు వచ్చే చప్పుడు, పోగుని బిగించే పలక దెబ్బ, మళ్ళీ నాడె. చెల్లి కళ్ళు మూతలు పడ్డాయి.

తలుపు చప్పుడైంది. మేనేజరు.

"ఏంటండీ ఆ కొట్టుడు? గోడకి మేకులు దిగ్గొడుతున్నారా?"

"లేదండీ. పిల్లని పడుకోబెడతన్నామండి" అన్నాడు నాన్న.

ఆయన లోపలికి తొంగిచూశాడు. "మా ఇళ్ళల్లో ఇంత చప్పుడు చేస్తే పడుకున్నోళ్ళు లేస్తారండీ" అని వెళ్ళిపోయాడు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ప్రయాణంలో అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఎండ చల్లబడ్డాక బ్యారేజీ మీదికి నడిచాం. అన్ని నీళ్ళు ఒకచోట నేను అంతకుముందు చూడలేదు. నాన్న నన్ను గోడ దగ్గర నిలబెట్టి, ఇక్కడ ఆపిన నీళ్ళే కాలువల్లో పడి మన ఊరి దాకా వస్తాయని చెప్పాడు. చెల్లి అది విని తన చేతిలో ఉన్న చేగోడీని కిందికి విసిరింది. "నానమ్మకి" అంది. తర్వాత ఆ చేగోడీ కావాలని ఏడ్చింది.

మర్నాడు పాడ్యమి. పొద్దున్నే హోటల్లో ఇడ్లీ తిన్నాం. నాన్న తినకుండా కాఫీ తాగాడు. అమ్మ తన ఇడ్లీలో సగం ఆయన పళ్ళెంలోకి నెట్టింది. ఆయన దాన్ని నా పళ్ళెంలోకి నెట్టాడు. నేను సాంబారు మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాను. వడ్డించేవాడు, "పాపా, ఇడ్లీ మునిగిపోయింది, ఇక ఈత కొట్టుద్ది" అన్నాడు.

బీసెంట్ రోడ్డులో దుకాణాలు చూస్తూ నడిచాం. చూడటానికి ఎవరూ ఏమీ అడగరు. కానీ నాన్న చేతులు ఊరుకోవు. బయట వేలాడదీసిన చీర ఏది కనిపించినా అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి, తిరగేసి వెనకవైపు చూసేవాడు. ఒక కొట్టువాడికి విసుగొచ్చింది.

"కొనేదుందా మాస్టారూ, చూసేదేనా?"

"మావైపు నేతండీ ఇది. పోగు వదులుగా పోయింది. ఎవరో తొందరపడ్డాడు."

"మీవైపుదైతే మీవైపే చూసుకోకపోయారా" అన్నాడతను.

నాన్న సిగ్గుపడలేదు. కొంచెం ముందుకెళ్ళాక, "తొందరపడ్డాడు, పాపం" అని మళ్ళీ తనలో తాను అనుకున్నాడు.

ఎండ ముదిరాక నీడ కోసం రైల్వేస్టేషనుకి వెళ్ళాం. ప్లాట్‌ఫారం టిక్కెట్లు తీసుకుని ఒక బల్ల మీద కూర్చుని రైళ్ళు చూశాం. బొగ్గు, వేరుశెనక్కాయలు, తడిసిన గోనెసంచులు, అన్నీ కలిసిన వాసన. వచ్చిన ప్రతి రైలుకీ చెల్లి చెయ్యి ఊపింది. ఎవరైనా తిరిగి ఊపితే నా వైపు గొప్పగా చూసేది.

అమ్మ రైళ్ళు చూడటం లేదు.

"ఏవండీ. ఇంటికి పోదామండీ" అంది.

"రేపు ఆ పని చూసుకుని పోతాంగా."

"ఆ పని వద్దు."

"మరి అక్క సంగతి?"

"మీ అక్క సంగతి మీ అమ్మ అడిగింది, మీరడిగారు. నా పిల్ల సంగతి నన్నెవరన్నా అడిగారా?"

నాన్న భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు నేనడుగుతున్నా. వద్దంటే వద్దని చెప్పు. ఇట్నుంచి ఇటే బస్సెక్కేద్దాం. అక్కకి నేను చెప్పుకుంటా, అమ్మకీ నేను చెప్పుకుంటా."

అమ్మ ఆ మాట వస్తుందనుకోలేదు. ఇంట్లో నాన్న నానమ్మ మాటకి ఎదురు చెప్పగా మేము ఎప్పుడూ వినలేదు. ఆమె చెల్లి వైపు చూసింది, నా వైపు చూసింది. ఒక రైలు వచ్చి వెళ్ళిపోయింది.

"సాయంత్రం చెబుతా" అంది.

గదికి తిరిగొచ్చేసరికి అత్తయ్య మెట్ల మీద కూర్చుని ఉంది. గుడికని చెప్పి ఒక్కతే వచ్చిందట. చిన్న గిన్నెలో బొబ్బట్లు తెచ్చింది. లోపలికొచ్చి మంచం మీద కూర్చోమంటే కూర్చోక నేలమీదే కూర్చుంది.

"పిల్లని చూసిపోదామని వచ్చా అమ్మాయ్. ముట్టుకోన్లే. రేపటిదాకా ముట్టుకోకూడదంది మా అత్త."

చెల్లికి ఇవేమీ తెలియవు. బొబ్బట్టు చేతిలో ఉంది. కొత్తమనిషి నేలమీద ఉంది. తిన్నగా వెళ్ళి అత్తయ్య ఒళ్ళో కూర్చుంది.

అత్తయ్య రెండు చేతులూ పైకెత్తేసింది. అలాగే గాల్లో పట్టుకుంది. ఎక్కడ తాకితే ఆ పిల్ల తనకి దక్కకుండా పోతుందోనన్నట్టు, మోచేతులు కూడా దూరంగా పెట్టి, కదలకుండా కూర్చుంది. చెల్లి ఆమె ఛాతీకి ఆనుకుని బొబ్బట్టు తింటోంది. నెయ్యి కారి చీర మీద పడింది. "అమ్మాయ్, తీసుకో, దీన్ని తీసుకో" అంటోంది అత్తయ్య. కానీ ఆమె గొంతులో తీసుకోమన్నట్టు లేదు. 

అమ్మ వెంటనే తీసుకోలేదు. అలాగే నిలబడి చూసింది. చెల్లి బొబ్బట్టు పూర్తిచేసేదాకా చూసింది. అప్పుడు వంగి పిల్లని ఎత్తుకుని, తడిగుడ్డతో దాని మూతి తుడిచింది. అదే గుడ్డతో అత్తయ్య చీర మీద మరక కూడా తుడిచింది.

"రేపు పొద్దున్నే తీసుకొస్తాం వదినగారూ" అంది.

నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మంచం చివర కూర్చుని ఇదంతా విన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. చెల్లి కావాలి నాకు. కానీ ఆ చేతులు నేనూ చూశాను.

విదియ నాడు పొద్దున్నే అమ్మ దానికి తలంటి, కొత్త గౌను వేసింది. ఈసారి గుమ్మం దగ్గర పసుపు రాసి, ముగ్గు వేసి ఉంది. అత్తయ్యవాళ్ళ అత్తగారు కూడా నవ్వుతూ ఎదురొచ్చింది. దీపం ముందు పీట వేసి అత్తయ్యని కూర్చోబెట్టి, అమ్మ చేత పిల్లని ఆమె ఒళ్ళో పెట్టించారు. నాన్న చేత కూడా ఒక చెయ్యి వేయించారు. చాలా తక్కువసేపు పట్టింది. అయ్యాక అందరికీ పాయసం ఇచ్చారు.

ఆ తర్వాత ఆవిడ చెల్లిని ఎదురుగా నిలబెట్టుకుని వరసలు నేర్పింది. అది మాటలు నేర్చుకునే వయసు. ఏం చెప్పినా ఆటే. అత్తయ్యని చూపించి అమ్మ అని చెప్పింది. నాన్నని చూపించి మామయ్య అంది. నన్ను చూపించి, "ఇదెవరు? వదిన. అను" అంది.

"వదిన" అంది చెల్లి. బాగా పలికింది.

"మరి ఈమె? అత్తయ్య."

అది అమ్మని చూసి నవ్వింది. కొత్త ఆటలో అమ్మ కూడా ఉందని సంతోషం.

"అత్తయ్య" అంది.

"ఆఁ" అని పలికింది అమ్మ.

అంతే. మా వరస అక్కణ్ణుంచి మారిపోయింది. దానికి చెప్పకూడదని ఆవిడ ఒట్టు వేయించుకుంది. మావాళ్ళు వేశారు.

తిరుగు బస్సులో కిటికీ ఊరిదాకా నాదే. ఇంటికెళ్ళేసరికి నానమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అమ్మ ఆమెని దాటి లోపలికెళ్ళి, బట్టలు కూడా మార్చుకోకుండా రాట్నం ముందు కూర్చుంది. నాన్న గుంటలోకి దిగాడు. ఆ రోజు మా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

అత్తయ్య కాపురం నిలబడింది. మామయ్యకి మళ్ళీ పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. చెల్లి బాగా పెరిగింది. చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, భవానీపురంలోనే ఆ పక్క వీధిలో కాపురం పెట్టింది. అత్తయ్య దాన్ని ఒక్కనాడూ కసరలేదు. వేసవి సెలవులకి మా ఊరొచ్చేది. అమ్మని "అత్తయ్యా, మీ చేతి పచ్చిపులుసు చెయ్యండి" అని అడిగేది. అమ్మ చేసిపెట్టేది. మగ్గం గదిలోకి ఎప్పుడూ ఎక్కువసేపు వచ్చేది కాదు. ఆ చప్పుడుకి తలనొప్పి వస్తుందనేది.

అమ్మ పోయినప్పుడు అది వచ్చింది. ఏడ్చింది. మేనమామ భార్యకి ఏడవాల్సినంత ఏడ్చి, స్నానం చేసి, "పిల్లలకి పరీక్షలు వదినా" అని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది. నేనే బస్సెక్కించాను.

దానికి తెలుసో లేదో నాకు తెలియదు. ఒట్టు వేయించుకున్న ఆవిడ పోయింది, వేసినవాళ్ళు పోయారు, అత్తయ్యా పోయింది. చెప్పాలంటే చెప్పేదాన్నే. కానీ నిండుగా ఉన్న మనిషికి, నువ్వు ఫలానా ఇంటిదానివి కాదు అని చెప్పి నేను తెచ్చుకునేది ఏముంది? వారానికోసారి ఫోను చేసేది. మోకాళ్ళ నొప్పులు, మందులు, కోడలి వంట. ఫోను పెట్టేసేటప్పుడు "ఉంటా వదినా" అనేది.

నిన్న వాళ్ళింట్లో అన్నీ అయ్యాక పెరట్లో ఆడవాళ్ళ స్నానాలు జరుగుతున్నాయి. ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరికి ఎంత మైలో చెబుతోంది. నా వంతు వచ్చింది.

"నువ్వేమవుతావమ్మా?"

"వదినని."

"మేనమామ కూతురివా. అయితే నీకు మైలేం లేదు. తలమీద నీళ్ళు పోసుకుని వెళ్ళిపో తల్లీ. చల్లపల్లి అంటున్నావు, చీకటి పడుద్ది."

పోసుకున్నాను. తడిజుట్టుతోనే ఆటో ఎక్కాను.

పెళ్ళయి పోయిన ఆడదానికి తోడబుట్టినది పోతే మూడు రోజుల మైల అంటారు మావాళ్ళు. ఇవన్నీ నేను పెద్దగా నమ్మిన మనిషిని కాదు. మా ఆయన పోయినప్పుడు కూడా చాలావాటికి అడ్డం చెప్పాను. కానీ రాత్రి ఇంటికొచ్చాక దేవుడి గది తలుపు దగ్గరికి వేసేశాను. చాప తీసి నేలమీద పరుచుకున్నాను.

ఇందాక సాయంత్రం కింద వాటాలో ఉండే ఆవిడ పైకొచ్చింది. రోజూ నేను దీపం పెట్టే వేళకి ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉంటుంది.

"రెండ్రోజుల్నుంచీ దీపం పెట్టట్లేదేంటండీ? ఒంట్లో బాగుండలేదా?"

"కొంచెం నలతగా ఉందండీ."

"నిన్న బెజవాడ వెళ్ళొచ్చారుగా, ఎవరో చుట్టాలావిడ పోయారని. ఆ తిరుగుడుకే అయ్యుంటది. చారు కాచి పంపనా?"

"వద్దండీ. వండుకున్నాను."

"దీపం నేను పెట్టి వెళ్ళనాండీ పోనీ?"

"వద్దండీ" అన్నాను. "ఎల్లుండి నేనే పెడతాను."

ఎల్లుండెందుకని ఆవిడ అడగలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వేసి వచ్చి చాప మీద కూర్చున్నాను. ఇంకా ఒక రోజు ఉంది.